ఊ కొట్టే వెంకటనర్సయ్య

ఫిల్మ్‌నగర్‌లో కథలు చెప్పేవాళ్ళకు కరువు లేదు. టీ కొట్టు దగ్గర పక్కన నిలబడ్డవాడిని అగ్గిపెట్టె అడిగితే చాలు, ఇంటర్వెల్ దాకా చెప్పేస్తాడు. కరువల్లా వినేవాళ్ళకే. ఇక్కడ ఎదుటివాడి కథ ఎప్పుడు అయిపోతుందా, మన కథ ఎప్పుడు మొదలుపెడదామా అని కాచుకుని కూర్చునేవాళ్ళే అందరూ. నేనూ అంతే. నా పేరు ఏసుకుమార్. పదిహేనేళ్ళుగా ఇతరుల పేర్ల మీద సినిమాలకు మాటలు రాస్తున్నాను. తెర మీద నా పేరు మీరు చూసి ఉండరు కాబట్టి గుర్తు తెచ్చుకునే శ్రమ పడకండి.

ఇలాంటి చోట వినడమే ఉద్యోగంగా పదకొండేళ్ళు బతికిన మనిషి ఒకాయన ఉన్నాడు. వెంకటనర్సయ్య. వయసు యాభై ఎనిమిది. కాపురం రహమత్‌నగర్‌లో, ఆటో కూడా వెనక్కి తిరగలేని సందులో రెండు గదుల ఇల్లు. ఉద్యోగం ఊ కొట్టడం.

నవ్వకండి. సినిమావాళ్ళ పద్ధతి తెలియనివాళ్ళకు ఒక ముక్క చెప్పాలి. కథ కాగితం మీద ఎంత బాగా రాసినా ఇక్కడ ఎవరూ చదవరు. దర్శకుడు జూబ్లీహిల్స్‌లో హీరో గారి ఇంటికి వెళ్ళి, సోఫా అంచున కూర్చుని, రెండున్నర గంటలు నోటితో చెప్పాలి. ఫైట్లు నోటితోనే, వెనకాల వాయిద్యాలూ నోటితోనే. ఈలోగా హీరో గారు ఫోన్ చూసుకుంటారు, జ్యూస్ తాగుతారు, కుక్కపిల్ల చెవులు నిమురుతారు. ఊ మాత్రం అనరు. ఊ అంటే ఒప్పుకున్నట్టవుతుందని భయం.

చెప్పేవాడి కష్టం చెప్పేవాడిది. మనమందరం అమ్మమ్మ పక్కలో పడుకుని ఊ కొట్టి పెరిగినవాళ్ళమే. ఊ ఆగిందంటే పిల్లాడు నిద్రపోయాడని అమ్మమ్మ రాజకుమారుణ్ణి అడవిలోనే వదిలేసి దుప్పటి కప్పేది. ఆ అలవాటు పెద్దయినా పోదు. అవతల ఊ లేకపోతే ఇవతల గొంతు ఎండిపోతుంది. ఎంత గొప్ప కథైనా మూడో సీనుకల్లా పాలవాడి లెక్కలా వినిపిస్తుంది.

పదకొండేళ్ళ కిందట వెంకటనర్సయ్య దర్శకుడు కమలాకర్ గారి దగ్గర డ్రైవరు. ఒకరోజు కమలాకర్ గారు ఓ పెద్ద హీరోకి కథ చెప్పడానికి వెళుతూ, వెనక సీట్లో కూర్చుని గట్టిగా సాధన మొదలుపెట్టారు. సారు తనతోనే మాట్లాడుతున్నారేమో, బదులివ్వకపోతే బాగుండదని వెంకటనర్సయ్య మర్యాదకు "ఊ" అన్నాడు. జూబ్లీహిల్స్ చెక్‌పోస్ట్ దగ్గర సిగ్నల్ పడింది. ఇంకో ఊ. ఆ ఊతో కమలాకర్ గారికి ఊపు వచ్చింది. హీరో ఇల్లు చేరేసరికి తన కథకు తానే కళ్ళు తుడుచుకుంటున్నారు. తీరా లోపలికి వెళ్ళాక ఊ కొట్టే నాథుడు లేక పావుగంటలో కథ చల్లబడింది. ఆయన "బాత్రూం" అని చెప్పి బయటికొచ్చి, డ్రైవరును కారులోంచి దింపి, తీసుకెళ్ళి సోఫా చివర కూర్చోబెట్టారు. కథ ఓకే అయింది. ఆ తర్వాత సినిమా ఆడలేదు. అది వేరే సంగతి. ఊ కొట్టడమే వెంకటనర్సయ్య పని, సినిమా ఆడించడం కాదు.

అప్పటినుంచి ఆయన స్టీరింగ్ పట్టుకోలేదు. తెల్ల చొక్కా, ముక్కు మీద కళ్ళద్దాలు, చేతిలో ఎప్పుడూ తెరవని ఒక నోటు పుస్తకం. దర్శకులు వంతులవారీగా ఆయన్ని తీసుకెళ్ళేవారు. హీరోలకు "మా స్టోరీ డిపార్ట్‌మెంటండీ" అని పరిచయం చేసేవారు.

నేను మొదటిసారి ఆయన ఎదుట ఒక కామెడీ సీను చదివిన రోజు ఇప్పటికీ గుర్తుంది. ఆ ఊలకు నాకు నేనే మహారచయితలా కనిపించాను. బయటికొచ్చాక ఇరానీ హోటల్లో చాయ్ ఇప్పించి కిటుకు అడిగాను.

"మాట్లాడుడు ఒక్కని పని కాదు సారూ," అన్నాడు, సాసర్లో చాయ్ పోసుకుంటూ. "మంచం మోసినట్టు. ఒక దిక్కు మీరు పడితె ఇంకో దిక్కు నేను పట్టాలె. లేకుంటె ఈడ్చుకపోవుడే. ఊ ముందుగాల పడితె 'జల్ది కానియ్యి' అన్నట్టు. ఆలస్యంగ పడితె 'నమ్మలే' అన్నట్టు. మీరు ఊపిరి తీస్కునే జాగ ఉంటది చూడున్రి, సరిగ్గ గాడ పడాలె. పొట్టి ఊ ఉంటది, పొడుగు ఊ ఉంటది, ముక్కుల ఊ ఉంటది. 'అయ్యయ్యో' మాత్రం కథకు రెండుసార్లే. మూడోసారి అంటె వేషం అని తెలిసిపోతది."

"ఇన్ని వందల కథలు విన్నారు కదండీ, మీకు బాగా నచ్చింది ఏది?"

ఆయన అటూ ఇటూ చూసి, గొంతు తగ్గించాడు.

"వినను సారూ."

"అంటే?"

"వింటె ఊ తప్పిపోతది. ఓసారి విన్న. తల్లి సచ్చిపోయే సీను. నోరు తెర్సుకొని కూసున్న. ఊ బంద్. డైరెక్టర్ సారు నడుమల ఆగిపోయి నీళ్ళడిగిండు. గప్పటి సంది మాటను లోపటికి రానియ్య. ఊపిరి ఒక్కటే వింట."

"మరి నా కామెడీకి అంతగా నవ్వారు?"

"మీరు నవ్వంగనె నవ్విన సారూ."

వారం రోజులు ఆయనతో మాట్లాడలేదు నేను. తర్వాత నాకే ఊ అవసరమై మళ్ళీ కలిశాను.

ఇక ఆయన ఇంటి సంగతి. భార్య శకుంతలమ్మ. మంచి మాటకారి. సాయంత్రం గడప మీద కూర్చుని బియ్యం ఏరుతూనో చిక్కుడుకాయలు తుంచుతూనో గంటా రెండు గంటలు ఆ రోజు సంగతులు చెబుతుంది. పక్కనే వెంకటనర్సయ్య కూర్చుని ఊ కొడతాడు. ఆ సందులో ఇంకే మొగుడూ అలా కూర్చోడు. పక్కింటి బాలమణి భర్త పోచయ్య నల్లాలు బిగించే పని చేస్తాడు, భార్య నోరు తెరిస్తే చాలు కళ్ళు మూసేస్తాడు. అందుకే శకుంతలమ్మకు అక్కడ ఒక హోదా. వేరేవాళ్ళు మెడలో నగను చూపించుకున్నట్టు ఆమె "మా ఆయన నా మాట వింటడు" అని చెప్పుకునేది.

ఆయనకు భార్య అంటే ప్రాణం, అందులో అనుమానం లేదు. కానీ ఆమె "ఇయ్యాల ఏమైందంటె" అని మొదలుపెట్టగానే ఆయన చెవి దానంతటదే ఊపిరి వైపు తిరిగిపోయేది. ఇంట్లో కూడా డ్యూటీయే.

మొన్న శ్రావణంలో ఒక సోమవారం పొద్దున్నే నా గదికి వచ్చాడు. నా గది మధురానగర్‌లో ఒక కర్రీ పాయింట్ మీద ఉంటుంది, పది దాటితే సాంబారు వాసన తప్ప ఏ ఆలోచనా రాదు. వెంకటనర్సయ్య మొహం చూస్తే నెత్తురు చుక్క లేదు.

"సారూ, నేను దేనికో ఒప్పుకున్న."

"దేనికి?"

"గదే తెల్వది."

జరిగింది ఇది. ఆ పొద్దున శకుంతలమ్మ చాయ్ ఇస్తూ, "నువ్వు గింత జల్ది ఒప్పుకుంటవని అనుకోలేదయ్యా. మస్తు మంచిపని. ఐతారం పది గంటలకు. అందరికి చెప్పేసిన," అని కొంగుతో కళ్ళు తుడుచుకుంది. ముప్ఫై ఏళ్ళ కాపురంలో ఆమె సంతోషంతో ఏడవడం అది రెండోసారి. ఈయన ఏమన్నాడు? ఊ అన్నాడు.

"ఏంటని అడగలేకపోయారా?"

"ఎట్లడుగుత సారూ? అడిగితె వినలేదని తెలుస్తది. ఒక్కపారి వినలేదని తెలిస్తె పదకొండేండ్ల ఊలన్నీ మునుగుతయి. గల్లీల గంత గొప్పగ చెప్పుకున్నది. ఆమె మొఖం ఎట్లెత్తుకుంటది?"

అది విని నాకు జాలేసింది. ఆదివారంలోగా ఆయన దేనికి ఒప్పుకున్నాడో ఆమెకు తెలియకుండా కనిపెట్టాలి. నేను రచయితను కదా, ఆ పని నాకు వదిలేయమన్నాను. ఇప్పుడు తలుచుకుంటే నా మీద నాకే ఒళ్ళు మండుతుంది.

మంగళవారం కబురు తెచ్చాడు: భార్య ఆయనకు పాస్‌పోర్ట్ సైజు ఫోటోలు తీయించింది. "దుబాయి పంపుతున్నారు," అన్నాను. బుధవారం: పచ్చడి, పెరుగు బంద్ చేసింది, తాగడానికి వేణ్ణీళ్ళే ఇస్తోంది, తెల్ల చొక్కా ఇస్త్రీకి వేసింది. సందులో బాలమణి ఎదురొచ్చి దండం పెట్టింది. ఆమె మొగుడు పోచయ్య మాత్రం నల్లా పానా చేతిలో పట్టుకుని, "మా బతుకులు ఆగం జేసినవ్ గదన్నా," అని పళ్ళు నూరాడు.

నేను కాసేపు కళ్ళు మూసుకుని ఆలోచించాను.

"మీ బావమరిది ఒంట్లో ఎలా ఉంటున్నాడు?"

"కరీంనగర్‌ల ఉంటడు. ఈ నడుమ జర నీరసం అన్నడట."

"అయితే కిడ్నీ. మీరు కిడ్నీ ఇవ్వడానికి ఒప్పుకున్నారు. పథ్యం అందుకే. ఫోటోలు ఆస్పత్రి కాగితాలకు. మీ త్యాగానికే ఆవిడ దండం."

వెంకటనర్సయ్య రెండు చేతులతో నడుము రెండు పక్కలా పట్టుకున్నాడు. "ఏ దిక్కుది సారూ?"

"అది డాక్టర్లు చెబుతారు."

"మరి పోచయ్యకేం నొప్పి?"

"అసూయ," అన్నాను. కథ ఎక్కడ అతకకపోయినా అసూయ అని రాయడం మా వృత్తిలో అలవాటు.

గురువారం నేనే ఒక ఉపాయం చెప్పాను. "ఇంటికెళ్ళి, 'ఆ సంగతి మళ్ళీ ఒకసారి మొదట్నుంచి చెప్పు, వినాలనుంది' అనండి. మురిసిపోయి చెబుతుంది. మీరు వినండి. అంతే." చిన్నపిల్లలకు కూడా చేతనయ్యే పని.

శుక్రవారం తల వంచుకుని వచ్చాడు.

"చెప్పింది సారూ. మొదటి సంది చెప్పింది. గంట సేపు."

"ఏం చెప్పింది?"

ఆయన చేతిలోని నోటు పుస్తకం అటూ ఇటూ తిప్పాడు.

"ఊపిరి మంచిగున్నది సారూ. నడుమల ఒక జాగల గొంతు వణికింది. గాడ పొడుగు ఊ కొట్టిన."

నాకు కోపం ఆగక చేతిలో ఉన్న పెన్ను విసిరేశాను. అది కిటికీలోంచి కింద ఎవరి పార్శిల్ సంచిలోనో పడింది. మంచి పెన్ను.

చివరికి శనివారం నేనే వాళ్ళింటికి భోజనానికి వెళ్ళాను. శకుంతలమ్మ జొన్నరొట్టె, వంకాయకూర పెట్టింది. గుండ్రటి మొహం, మాటకు ముందు నవ్వు. లేచేటప్పుడు గోడ పట్టుకుని లేస్తోంది. ఇంకో రొట్టె వేస్తూ, "సారూ, రేపటి సంగతి మా ఆయన మీకు చెప్పే ఉంటడు గదా?" అంది.

గోడకు ఆనుకుని కూర్చున్న వెంకటనర్సయ్య నా వైపు దేవుణ్ణి చూసినట్టు చూశాడు. "లేదమ్మా, ఏంటది?" అంటే సరిపోయేది. కానీ లేదంటే, ఇంత గొప్ప విషయం భర్త స్నేహితుడికి కూడా చెప్పలేదా అని ఆవిడ చిన్నబుచ్చుకుంటుందేమోనని తోచింది. పైగా నాకు తెలియదని ఒప్పుకోవడం నాకు చిన్నప్పట్నుంచీ రాదు.

"ఊ," అన్నాను.

ఇంకేముంది. నాకన్నీ తెలుసన్న ధీమాతో అరగంట మాట్లాడింది. "గందుకే కుర్చీలు యాభై చెప్పిన సారూ." ఊ. "ఎక్కువేం వద్దు, ఇంట్ల ఎట్ల చేస్తడో గట్లనే అందరి ముంగట చూపిస్తె చాలంటున్న." ఊ. "మీరు సుత ముందటి వరుసల కూసోవాలె." ఊ. ఊ.

బయటికి రాగానే వెంకటనర్సయ్య నా మోచెయ్యి పట్టుకున్నాడు. "ఏంది సారూ?"

"యాభై కుర్చీలు."

"ఆపరేషన్‌కు యాభై కుర్చీలెందుకు?"

"చూడ్డానికి వస్తారేమో," అన్నాను. ఆ వాక్యం గురించి నేను గర్వపడడం లేదు.

ఆదివారం పది గంటలకు నేను చర్చిలో ఉండాలి. ఎగ్గొట్టాను. నా ప్రార్థన దేవుడు ఎక్కణ్ణుంచైనా వింటాడు. పాపం, ఊ కొట్టకుండానే వింటాడు.

రహమత్‌నగర్ కమ్యూనిటీ హాలు గేటుకు పెద్ద ఫ్లెక్సీ కట్టారు. దాని మీద వెంకటనర్సయ్య పాస్‌పోర్ట్ ఫోటో, ముక్కు గుమ్మడికాయంత. కింద అక్షరాలు: "భార్య చెప్పేది వినుట ఎట్లా? మొగవారికి ఉచిత శిక్షణ. నేర్పువారు: శ్రీ వెంకటనర్సయ్య, సినిమా ఇండస్ట్రీ."

ఆయన రెండుసార్లు చదివాడు. నడుము పక్కన పెట్టుకున్న చెయ్యి మెల్లగా జారింది. "కిడ్నీ దక్కింది సారూ," అని నవ్వాడు. మూడోసారి చదివాక నవ్వు పోయింది.

లోపల ఇరవై ఆరుగురు మొగుళ్ళు సూదిమందుకు వరుసలో ఉన్నట్టు కూర్చున్నారు. పారిపోకుండా భార్యలు తలుపుల దగ్గర కాపలా. ముందు వరుసలో పోచయ్య. ఆయన బుధవారం ఎందుకు పళ్ళు నూరాడో నాకిప్పుడు తెలిసింది. అసూయ కాదు. పథ్యం కూడా కిడ్నీకి కాదు, గొంతుకు.

శకుంతలమ్మ మైకు తీసుకుంది. "మన గల్లీల లొల్లులన్నీ ఒక్కదాని కోసమే. చెప్తె వినేటోడు లేడు. మా ఆయన పదకొండేండ్ల సంది దినాం కూసోని వింటడు. ఎట్ల వింటడో మీ మొగోళ్ళకు జర నేర్పియ్యమని అడిగిన. మారు మాట్లాడకుంట ఒప్పుకున్నడు." ఆయన వైపు చూసింది. ఆ చూపు చూశాక లేచి వెళ్ళిపోదామనుకున్నాను, తలుపు దగ్గర బాలమణి ఉంది.

వెంకటనర్సయ్య మొదలుపెట్టాడు. నాకు చెప్పిన మంచం సంగతే చెప్పాడు. ఊపిరి తీసుకునే జాగ చెప్పాడు. పొట్టి ఊ, పొడుగు ఊ, ముక్కు ఊ చేసి చూపించాడు. చెబితే నమ్మరు, మొగుళ్ళు శ్రద్ధగా విన్నారు. వినకుండానే విన్నట్టు కనిపించే దారి ఉందని వాళ్ళకు మెల్లగా అర్థమవుతోంది. పోచయ్య అరచేతి మీద రాసుకుంటున్నాడు కూడా. తర్వాత ఇరవై ఆరుగురూ కలిసి ఊ కొట్టారు. హాలు పిండిగిర్నీలా మోగింది. అక్కడితో ఆపేసి చాయ్ పోసి ఉంటే అందరం హాయిగా ఇళ్ళకు పోయేవాళ్ళం.

బాలమణి ముందుకొచ్చింది. "చెప్పుడు మంచిగున్నది అన్నా. ఇగ చేసి చూపియ్యి. అక్క చెప్తది, నువ్వు విను."

రెండు కుర్చీలు ఎదురెదురుగా వేశారు. శకుంతలమ్మ చెప్పడం మొదలుపెట్టింది. ఆయన ఊ కొట్టాడు. ఆహా! పదకొండేళ్ళలో నేను విన్న ఊలన్నిటిలోకీ అవే గొప్పవి. ఒక చోట ముక్కుతో సన్నగా తీశాడు, నాకు చప్పట్లు కొట్టాలనిపించింది. అయిదు నిమిషాలు. చప్పట్లు నిజంగానే పడ్డాయి.

బాలమణి మాత్రం కొట్టలేదు. "మంచిగున్నది. ఇగ అక్క ఏం చెప్పిందో జర చెప్పు."

చప్పట్లు ఆగాయి. వెంకటనర్సయ్య నా వైపు తిరిగాడు. నేను విన్నానా? నేనూ ఆయన ఊలే విన్నాను. చివరి మాట ఒక్కటి చెవిలో మిగిలింది, మోకాలు అని. నేను ముందు వరుసలోంచి నా మోకాలి మీద రెండు దెబ్బలు వేసుకుని మొహం బాధగా పెట్టాను.

"దోమలు," అన్నాడు వెంకటనర్సయ్య. "దోమలు మస్తున్నయన్నది."

వెనక ఎవరో కిసుక్కుమన్నారు. నేను కూర్చున్నచోటే కుంటినట్టు ఊగాను.

"డాన్స్... డాన్స్ చూసిందట."

శకుంతలమ్మ నన్ను చూసింది, తర్వాత ఆయన్ని చూసింది. ఆమె మొహంలో నవ్వు ఎలా వెళ్ళిపోయిందో నేను రాయలేను.

"వినలేదా?"

"వినలే."

"ఇయ్యాలనా?"

'ఇయ్యాలనే అనండి, మైకు వల్ల కంగారుపడ్డానని చెప్పండి' అని నేను తల ఊపుతూనే ఉన్నాను. ఆయన నన్ను చూడలేదు.

"పదకొండేండ్ల సంది," అన్నాడు. మైకు దాన్ని హాలంతా వినిపించింది.

"పోదాం పాండ్రి," అని పోచయ్య లేచాడు. బాలమణి భుజం పట్టి కూర్చోబెట్టింది.

"అయితె పిల్లి సచ్చిపోయింది సుత తెల్వదా?" అంది శకుంతలమ్మ.

"ఏ పిల్లి?"

తలుపుల దగ్గర ఆడవాళ్ళంతా ఒక్కసారి అయ్యో అన్నారు.

"గోడకు చెప్పుకున్నా అయిపోతుండె," అంది ఆమె. గొంతు పెద్దది చెయ్యలేదు. "గోడ ఊ అనకపోతుండె. నాకు ఆశ లేకపోతుండె."

ఆ మాట ఆయనకెంత తగిలిందో తెలియదు, నాకు మాత్రం బాగా తగిలింది. వెంకటనర్సయ్య మైకు కింద పెట్టాడు. కుర్చీ ముందుకు లాక్కున్నాడు, మోకాళ్ళు మోకాళ్ళు తగిలేంత దగ్గరగా. "ఇంకొక్కపారి చెప్పు. ఈపారి ఊ కొట్ట."

ఆమె ఆయన్ని చూడకుండా కొంగు సర్దుకుంది. "చెప్పక్కా," అంది బాలమణి.

"మోకాలు నొస్తున్నది," అంది చివరికి. ఆగింది. ఊ లేదు. "పొద్దుగాల లేస్తె వంగుతలేదు." ఊ లేదు. ఆయన నోరు తెరుచుకుని ఆమె మొహాన్నే చూస్తున్నాడు. ఆమె ఇంకో మాట అనబోయి, ఆగి, చిరాకు పడింది. "ఊ కొట్టకపోతె ఎట్ల చెప్పాలెనయ్యా? మాట గొంతుల్నే ఆగుతున్నది."

"ఊ కొడితె నాకు వినపడ్తలేదు."

హాలంతా చిక్కుకుపోయింది. ఊ లేకపోతే ఆమె చెప్పలేదు, ఊ కొడితే ఈయన వినలేడు. పదిహేనేళ్ళుగా మాటలు అమ్ముకుని బతుకుతున్న నాకు వాళ్ళకు అందించడానికి ఒక్క మాట దొరకలేదు. పోచయ్య కూడా ముందుకు వంగి చూస్తున్నాడు.

అప్పుడు వెంకటనర్సయ్య అడిగాడు. "ఏ కాలు?"

"ఏంది?"

"మోకాలు నొస్తున్నదన్నవ్ గదా. ఏ కాలు?"

శకుంతలమ్మ ఆయన్ని కొత్త మనిషిని చూసినట్టు చూసింది. "ఎడమది."

"ఎన్నొద్దుల సంది?"

"రెండేండ్లాయె."

"నాకు చెప్తనే ఉన్నవా?"

"దినాం."

ఆయన తల వంచుకున్నాడు. కళ్ళద్దాలు తీసి తుడుచుకుని మళ్ళీ పెట్టుకున్నాడు. "మెట్లు ఎక్కుతుంటెనా, దిగుతుంటెనా?"

"దిగుతుంటె. ఎక్కుతుంటె గంత ఉండదు. మొన్న బాలమణోళ్ళ ఇంట్ల..." అని ఆమె మొదలుపెట్టింది. మాట సాగింది. మధ్యలో ఆగినప్పుడల్లా ఈయన ఇంకోటి అడిగాడు. ఊలలో మూడు రకాలు నేర్పిన మనిషి ఒక్క ఊ కూడా వాడలేదు. తలుపుల దగ్గర కాపలా ఎప్పుడో వదిలేశారు. పోచయ్య పారిపోవచ్చు, పారిపోలేదు. మెల్లగా వెనక్కి తిరిగి బాలమణిని, "నీకు సుత ఏమన్న నొస్తున్నదా?" అని అడిగాడు. ఆమె ఆయన వీపు మీద ఒకటి చరిచి, కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది.

అలాగని శకుంతలమ్మ ఆయన్ని ఆ రోజే క్షమించిందనుకోకండి. నెల రోజులు సాయంత్రాలు గడప మీద కూర్చోలేదు. గల్లీలో గొప్పలు బంద్. ఏదైనా చెప్పాలంటే రెండు ముక్కలు చెప్పి, "నేనేమన్న?" అని పరీక్ష పెట్టేది. ఆయన అప్పజెప్పేవాడు.

ఉద్యోగం కూడా పోయింది. తర్వాతి వారమే కమలాకర్ గారు ఒక హీరో దగ్గరికి తీసుకెళ్ళారు. మూడో సీనులో హీరో బ్యాంకాక్ విమానం ఎక్కాడు. "ఎందుకు పోయిండు?" అన్నాడు వెంకటనర్సయ్య. కమలాకర్ గారు ఆగిపోయారు. హీరో గారు ఫోన్‌లోంచి తలెత్తి, "అవునండీ, నేనెందుకు వెళ్ళాను?" అన్నారు. ఎందుకో ఎవరికీ తెలియదు. కథ అక్కడే మూసేశారు. కమలాకర్ గారు ఈ మధ్య నన్ను కూడా పలకరించడం లేదు. వెంకటనర్సయ్య ఇప్పుడు జూబ్లీహిల్స్‌లో ఒక వ్యాపారి ఇంట్లో మళ్ళీ డ్రైవరు. బుద్ధి గడ్డి తిని నేను కూడా నా కథ ఆయనకు చెప్పాను. ఆయన అడిగిన ఒక్క 'ఎందుకు'తో నాలుగు నెలలుగా ఇంటర్వెల్ దగ్గరే కూర్చున్నాను.

కిందటి నెల శకుంతలమ్మను ఎముకల డాక్టరుకు చూపించడానికి వెళుతూ నన్నూ రమ్మన్నారు. కాగితాలు నింపడానికి. కుర్ర డాక్టరు కంప్యూటరు వైపు తిరిగి టకటకా కొడుతున్నాడు. శకుంతలమ్మ చెబుతోంది. ఎక్కడ ఆగితే అక్కడ డాక్టరు "ఊ" అంటున్నాడు. ఎంత ఓపికగా వింటున్నాడు, ఎంత మంచి డాక్టరు అనుకున్నాను నేను.

వెంకటనర్సయ్య కుర్చీ అంచుకు జరిగాడు. కళ్ళు మూసుకుని నాలుగు ఊలు విన్నాడు. అయిదో ఊకి లేచి, బల్ల మీద చెయ్యి వేశాడు.

"సారూ, జర ఆగున్రి. ఏ కాలు?"

డాక్టరు మొదటిసారి తల తిప్పి ఆమె మొహం చూశాడు. తర్వాత ఆమె చీర కుచ్చిళ్ళు చూశాడు. "కుడి... కదా?"

శకుంతలమ్మ నవ్వింది. నవ్వీ నవ్వీ మొగుడి భుజం పట్టుకుంది. "ఎడమది," అన్నారు ఇద్దరూ ఒక్కసారే.

డాక్టరు చెవులు ఎర్రబడ్డాయి. కీబోర్డు పక్కకు నెట్టి కుర్చీ ఇటు తిప్పుకున్నాడు. "సారీ అమ్మా. మళ్ళీ మొదట్నుంచి చెప్పండి."

ఆమె మొదటినుంచి మొదలుపెట్టింది. ఆ గదిలో ఎవరూ ఊ కొట్టలేదు.